ఉప్పెన ముంచిన దీవిలో బావి నీళ్లు: తోడెయ్యాలా, వదిలెయ్యాలా?

ప్రశ్న
తీరానికి దగ్గర్లో చిన్న ఇసుక దీవి. వెడల్పు ఎక్కడా అర కిలోమీటరు దాటదు, ఎత్తు రెండు మూడు మీటర్లు. తుపాను ఉప్పెన దీవి మీదుగా పొర్లిపోయింది. తాగే బావులన్నీ ఉప్పుకయ్యాయి. ఉప్పు పోయేదాకా మోటారు పెట్టి తోడాలని కొందరు, ఇంకో పది మీటర్లు లోతుకు బోరు వేస్తే మంచినీళ్లు పడతాయని ఇంకొందరు అంటున్నారు. ఏది సరైనది? మళ్లీ తాగేలా కావడానికి ఎంత కాలం పడుతుంది?

తీరగాలి
రెండూ వద్దండి, బోరు అసలే వద్దు. ఇలాంటి దీవిలో మంచినీరంటే వాననీరే. అది ఇసుకలో ఇంకి, అడుగునున్న సముద్రపు నీటి మీద తేలుతుంది. దీవి నడుమ మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది. సముద్రపు నీటి సాంద్రత 1.025, మంచినీటిది 1.000. ఆ తేడా వల్ల, బావిలో నీటిమట్టం సముద్రమట్టానికి ఎంత పైన ఉంటే, సముద్రమట్టం కింద దానికి 40 రెట్ల లోతు దాకా మంచినీరు ఉండాలని లెక్క. కానీ ఆటుపోట్లు రెండు నీళ్లనూ రోజూ కలిపేస్తుంటాయి కాబట్టి తాగదగ్గ నీరు అంతకన్నా చాలా తక్కువ. లోతుకు పోయేకొద్దీ ఉప్పుకు దగ్గరవుతారు.

తోడడానికీ అదే లెక్క. మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించి అలాగే ఉంచితే, కింది ఉప్పునీరు 4 మీటర్ల దాకా పైకి ఉబికే వీలుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో బావుల్ని పదే పదే తోడినా ఉప్పు తొందరగా తగ్గలేదు.

మడచెట్టు
ఒక్కసారి మాత్రం తోడాలి. బావిలో నిలిచింది సముద్రపు నీరు, బురద. మీటరు వ్యాసం, ఒకటిన్నర మీటర్ల నీళ్లయితే సుమారు 1,200 లీటర్లు. అంతవరకే, నెమ్మదిగా తోడి, నీటిని సముద్రంలోకి పోనివ్వండి. పక్కనే పారబోస్తే తిరిగి లోపలికే దిగుతుంది. ఇంతకన్నా ముఖ్యమైంది, చాలాచోట్ల వదిలేసేది, పల్లాల్లో నిలిచిన ఉప్పునీరు. మొదటి గంటల్లోనే గండి కొట్టి బయటికి పంపాలి, లేదంటే అదంతా కిందికి ఇంకిపోతుంది.

నీరు తేరాక, 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున కలిపి గంట ఆగండి. దానితో క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. మరిగిస్తే ఉప్పు ఇంకా చిక్కనవుతుంది.

కాలం వానల మీద ఆధారపడుతుంది. 2005లో పెర్సీ తుపాను ముంచిన, పసిఫిక్‌లో కుక్ దీవులకు చెందిన పుకాపుకాలో నీరు తాగేలా కావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. లోపలి పొరల్లో ఉప్పు రెండేళ్లు దాటినా మిగిలింది.

ప్రశ్న అడిగినవారు
తగ్గుతోందో లేదో తెలియడానికి నాలుక చాలదా?

తీరగాలి
చాలదండి. ఈసీ మీటరు కావాలి, అంటే నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచేది; ఉప్పు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. సముద్రపు నీరు సెంటీమీటరుకు సుమారు 50,000 మైక్రోసీమెన్లు చూపిస్తుంది. పగడపు దీవుల్లో తాగడానికి 2,500ను హద్దుగా పెట్టుకుంటారు. అంటే సముద్రపు నీరు 5 శాతం కలిసినా హద్దుకు చేరినట్టే. వారానికోసారి, ఆటుపోట్లలో ఒకే దశలో, బావి పైనా అడుగునా రెండు నమూనాలు తీయండి. అడుగు నమూనాకు సీసాకు రాయి కట్టి, అడుగుకు చేరాక తాడుతో బిరడా లాగాలి. అడుగున అంకె పెరుగుతుంటే ఆ బావిని మోటారుతో తోడడం ఆపండి. పైన అంకె హద్దులోపే ఉంటే చేదతో పైనీళ్లు మాత్రం తీసుకోవచ్చు.

ఇసుకతిన్నె
రాబోయే తుపానుకూ సిద్ధం కావాలి. మంచినీటి పొర మందం దీవి వెడల్పును బట్టి ఉంటుంది, వెడల్పు సగమైతే మందమూ సుమారు సగమే. ఒడ్డు దిబ్బల్లో ఇసుక తవ్వితే ఉప్పెనకు అడ్డూ పోతుంది, కోత పెరిగి ఈ నీరూ పోతుంది. దయచేసి ఆ ఇసుక ముట్టుకోనివ్వకండి, దాన్ని పట్టి ఉంచే తీగల్నీ పీకనివ్వకండి.

కొత్త బావి దీవి నడుమనే తవ్వాలి. లోతైన బావి కన్నా, నీటిమట్టానికి కాస్త కింద అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి చెలమలా ఊరనివ్వడం మేలు. పసిఫిక్ దీవుల దేశం కిరిబాటిలోని తరావాలో ఊరి సరఫరాకు నీళ్లు అలాగే తీస్తారు.

వాననీటి ట్యాంకు తప్పనిసరి. 50 చదరపు మీటర్ల కప్పు మీద 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 40,000 లీటర్లు దొరుకుతాయి. కప్పు మీద సముద్రపు తుంపర ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ప్రతి వానలో మొదటి 50 లీటర్లు పారబోయాలి. ట్యాంకు మూత ఉప్పెన ఎత్తుకు పైన ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నిండుగా ఉందో లేదో చూడండి, ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును నీళ్లు లేపుకుపోతాయి.