ప్యాడ్‌లో జెల్ పొడికి బదులు మొక్కల ప్రొటీన్: ఎవరైనా వాడి చూశారా?

నాచారం మహిళా సంఘం
మేము కలప గుజ్జుతో నెలసరి ప్యాడ్లు తయారు చేసి హాస్టళ్లకు ఇస్తున్నాం. గుజ్జు ఒక్కటే ఉంటే కూర్చున్నప్పుడు తడి పైకి వస్తోందని తడిని పీల్చి పట్టి ఉంచే జెల్ పొడి, అంటే సోడియం పాలీయాక్రిలేట్, కలుపుతున్నాం. అది పెట్రోలియం నుంచి వచ్చేది, మట్టిలో తొందరగా కలవనిది. గోధుమ గ్లూటెన్ (గోధుమలోని జిగురు ప్రొటీన్), సోయా ప్రొటీన్ వంటివి దాని పని చేస్తాయంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

తార్నాక పాలిమర్ విద్యార్థిని
నమస్కారం అక్కా. ప్యాడ్లలో వాడే అరటినార, వెదురు కూడా మీ కలప గుజ్జులాగే సెల్యులోజ్ (మొక్కల పీచు పదార్థం) జాతివి. మీరడిగిన ప్రొటీన్ల దారి వేరు. స్టాక్‌హోంలోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు గోధుమ గ్లూటెన్‌తోనూ, బంగాళదుంప నుంచి గంజిపొడి తీశాక మిగిలే ప్రొటీన్‌తోనూ ఇటువంటి పీల్చే పదార్థాలు తయారు చేశారు. ప్రొటీన్ తనంతట తాను పెద్దగా పీల్చదు. రసాయన చర్యతో దానికి కార్బాక్సిల్ సమూహాలను (రుణావేశం పొందగల చిన్న అణు గుంపులు) అదనంగా చేరిస్తే, అవి రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుని, ప్రొటీన్ గొలుసులు విడివడి, నీటికి చోటు దొరుకుతుంది. తినే సోడా కలిపి వేడి చేసినప్పుడు ఏర్పడే సన్నని రంధ్రాలు కూడా ద్రవాన్ని లాగుతాయి.

మా ప్రయోగశాలలో గ్లూటెన్ నురుగు ముక్క మీద 0.9 శాతం ఉప్పునీరు పోయగానే చుక్క మిగలకుండా లాగేసింది. అయితే వేలితో నొక్కేసరికి అంచుల వెంట నీరు కారింది. పాలీయాక్రిలేట్ గింజలు నిదానంగా ఉబ్బాయి, కానీ నొక్కినా వదల్లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే: వేగం ఉంది, పట్టు చాలదు.

ఉప్పల్ నాణ్యత పరీక్షకురాలు
జెల్ పొడి తన బరువుకు "వందల రెట్లు" పీలుస్తుందని అమ్మేవారు చెప్పేది శుద్ధజలం లెక్క. ఉప్పునీటిలో అది బాగా పడిపోతుంది, రక్తంలో ఇంకా తగ్గుతుంది. 2023లో అమెరికా పరిశోధకులు 21 నెలసరి ఉత్పత్తులను రక్తకణాలతో పరీక్షించినప్పుడు, చాలావాటిలో పెట్టె మీద రాసిన సామర్థ్యానికీ కొలిచినదానికీ పొంతన కుదరలేదు. కొత్త పదార్థం ఏదైనా శానిటరీ ప్యాడ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 5405 (2019 సవరణ) ప్రకారం పరీక్ష చేయించాకే అమ్మకానికి పెట్టండి.

మలక్‌పేట నర్సు
ప్రొటీన్ సూక్ష్మజీవులకు ఆహారం. వానాకాలంలో గోదాములో తేమ తగిలితే బూజు పడుతుంది. గోధుమ, సోయా పడనివారూ ఉంటారు కనుక చర్మ పరీక్ష తప్పనిసరి, కవరు మీద ఆ పేర్లూ రాయాలి.

నాచారం మహిళా సంఘం
అందరికీ ధన్యవాదాలు. అయితే ప్రస్తుతానికి గుజ్జు మధ్యలో పలుచని ప్రొటీన్ పొర పెట్టి, బరువు కింద తడి ఎంత నిలుస్తుందో చూస్తాం. అడుగున ప్లాస్టిక్ పొర ఉన్నంతకాలం "మట్టిలో కలుస్తుంది" అని మాత్రం కవరు మీద వేయం.