పచ్చి చేపల గిన్నెన్నం (కైసెన్‌దొన్): అమ్మానాన్నల్ని ఎక్కడికి తీసుకెళ్లను? మీ అనుభవాలు చెప్పండి

కాకినాడ_కుర్రాడు

అందరికీ నమస్తే. టోక్యో వచ్చి ఏడాదిన్నర అయింది, నిషి కసాయ్‌లో ఉంటున్నాను. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. నాన్న కాకినాడలో చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశారు. మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనే మనిషి కాదు. వీడియో కాల్‌లో కైసెన్‌దొన్ చూపిస్తే "పచ్చిగా తినేది పిల్లులురా" అన్నారు. రెండు రోజులాగి ఆయనే "ఆ గిన్నె ఎంతుంటుంది?" అని అడిగారు. అంటే తినాలని ఉంది, పైకి చెప్పరు.

అసలు చిక్కు ఏంటంటే అమ్మ శనివారం నీచు ముట్టదు, నీచు వండే చోట కూర్చోదు కూడా. ఆదివారం తొయోసు చేపల మార్కెట్‌కి సెలవట. ఇక ఎప్పుడు తీసుకెళ్లాలి? నాకూ పెద్దగా అనుభవం లేదు. ఆఫీసువాళ్లతో ఒకసారి తిన్నాను, అప్పుడు వాళ్లే ఆర్డరిచ్చారు. ధర, మర్యాదలు, కడుపు సంగతి ఏదైనా సరే, మీకు తెలిసింది చెప్పండి.

నిషికసాయ్_పాతకాపు

తమ్ముడూ, ముందు వారాల గొడవ తేల్చుకో. తొయోసు ఆదివారం, ప్రభుత్వ సెలవు రోజులు, కొన్ని బుధవారాలు మూత. మార్కెట్ వాళ్ల క్యాలెండర్ చూడకుండా బయల్దేరకు. టోక్యో పాత చేపల బజారు త్సుకిజిలో లోపలి మార్కెట్ 2018 అక్టోబరులో తొయోసుకి వెళ్లిపోయింది కానీ బయటి మార్కెట్ అక్కడే ఉంది. అయితే అక్కడా ఆదివారాలు, బుధవారాలు చాలా కొట్లు తెరవరు. 2019లో మా మామగారిని బుధవారం తీసుకెళ్లి, మూసిన షట్టర్ల ముందు ఫొటోలు దిగి వచ్చాం. ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. శుక్రవారం సెలవు పెట్టడమే నయం. పొద్దున్నే వెళ్లు, పదిన్నర లోపు అయితే మరీ మంచిది. మధ్యాహ్నం రెండు దాటితే 'ఉరికిరె' అని రాసి పెడతారు, అంటే సరుకు అయిపోయిందని.

ధర సంగతి. ఆఫీసుల సందుల్లో ఉండే చిన్న కొట్లలో మధ్యాహ్నం పూట 1,000 నుంచి 1,500 యెన్‌లలో మంచి గిన్నె, పక్కన మిసో సూపు (సోయా ముద్ద కలిపిన చారు) వస్తాయి. టూరిస్టులు తిరిగే చోట 3,000 మామూలే. ఇక్కడ విదేశీ టూరిస్టుల్ని 'ఇన్‌బౌండ్' అంటారు కదా, వాళ్ల కోసమే పెట్టారన్నట్టు పదివేలు దాటిన గిన్నెలు కనిపించేసరికి 2024లో జపాన్ వాళ్లే ఎగతాళిగా 'ఇన్‌బౌన్‌దొన్' అని పేరు పెట్టేశారు. మెనూలో ధర బదులు 'జికా' అనే రెండు అక్షరాలుంటే ఆ రోజు మార్కెట్ రేటు అని అర్థం. అడగకుండా ఆర్డరివ్వకు.

ఓరుగల్లు_అమ్మాయి

దొన్‌బురి అంటే లోతు గిన్నె. మొదటిసారి విన్నప్పుడు నాకు దొన్నె, బూరె గుర్తొచ్చాయి. సరే, నా పరువు పోయిన కథ చెప్తాను, మీకు పనికొస్తుంది.

చాలా చిన్న కొట్లలో గుమ్మం దగ్గరే టికెట్ మెషీన్ ఉంటుంది. డబ్బులేసి బటన్ నొక్కితే చీటీ వస్తుంది, అది కౌంటర్ మీద పెట్టాలి. ఆరోజు బటన్ల మీద అంతా కంజీ, అంటే చైనా అక్షరాలే. వెనక ఆరుగురు లైన్లో ఉన్నారు. టెన్షన్‌లో అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న బటన్ నొక్కాను, 100 యెన్. చీటీ తీసుకున్న పెద్దాయన నన్ను చూశాడు, చీటీని చూశాడు. అది 'ఓమొరి', అంటే అన్నం ఎక్కువ వేయడానికి కట్టే డబ్బు. గిన్నె లేకుండా ఉత్త అదనపు అన్నం కొన్నానన్నమాట! పాపం ఆయనే బయటికొచ్చి మెషీన్ దగ్గర నిలబడి సరైన బటన్ చూపించాడు.

అక్కడితో ఆగలేదు. గిన్నె రాగానే సోయా సాస్ పోసి, వసాబి (ఘాటుగా ఉండే పచ్చటి ముద్ద) వేసి, కింద నుంచి పైదాకా పప్పన్నం కలిపినట్టు కలిపేశాను. మనకి అన్నం అంటే కలపడమే కదా. పక్కాయన చాప్‌స్టిక్స్ గాల్లోనే ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనరు, ఆ మౌనమే చాలు. తర్వాత మా టీమ్ లీడ్ చెప్పింది: చిన్న పళ్లెంలో సోయా సాస్ పోసుకుని, వసాబి కొంచెం అందులో కలిపి, ఒక్కో ముక్కా అద్దుకుని కింది అన్నంతో పాటు తినాలి. లేదంటే ఆ సాస్‌నే పైనుంచి సన్నగా పోసుకోవచ్చు, అలా చేసేవాళ్లూ చాలామంది. పక్కనుండే అల్లం ఊరగాయ ముక్క ముక్కకీ మధ్య తినడానికి. వసాబి వద్దంటే 'సాబినుకి' అనండి. చాప్‌స్టిక్స్ రాకపోతే స్పూన్ అడగండి, ఇస్తారు.

ఇంకోటి. కొన్ని కొట్లలో వేడి తెల్లన్నం, కొన్నిట్లో సుషీలోలాగా వెనిగర్ కలిపిన అన్నం. నాకైతే వెనిగర్ అన్నమే ఇష్టం, పులిహోర దగ్గరి చుట్టంలా ఉంటుంది. మా ఆయనకి అస్సలు పడదు.

గోదారోడు_సప్పొరొ

టోక్యోలో తిని కైసెన్‌దొన్ తిన్నామనుకునే వాళ్లని చూస్తే జాలేస్తుంది. (సరదాకి అన్నాను, కొట్టకండి.)

భయపడేవాళ్లకి నా సలహా ఉత్తరాన ఉన్న అవొమొరి ఊరు. స్టేషన్ దగ్గర ఫురుకావా మార్కెట్లో 'నొక్కెదొన్' అని ఉంటుంది. టికెట్ల కట్ట కొనాలి, ఒక టికెట్ ఇస్తే గిన్నెలో అన్నం పెడతారు. ఆ గిన్నె పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతూ టికెట్ ఇచ్చి మనకి నచ్చిన ముక్క వేయించుకోవాలి. పచ్చిది వద్దనుకుంటే గుడ్డు అట్టు ముక్క, ఉడికించిన రొయ్య వేయించుకుని ఆగిపోవచ్చు. మా హొక్కైదో దీవిలో కుషిరో ఊళ్లో వషో మార్కెట్లోనూ దాదాపు ఇదే పద్ధతి, కాకపోతే టికెట్లు కాదు, డబ్బులే ఇవ్వాలి, అక్కడ 'కత్తెదొన్' అంటారు. మా నాన్నగారు అవొమొరిలో ఒక్కో కొట్టు ముందూ బేరమాడబోయారు. టికెట్ మీద బేరమేంటి నాన్నా అంటే వినరే!

హొక్కైదోలోనే హకొదాతె ఊరి పొద్దుటి మార్కెట్లో ఇంకో తమాషా ఉంది. అప్పుడే కోసిన స్క్విడ్‌ని గిన్నె మీద పెట్టి సోయా సాస్ పోస్తే కాళ్లు కదులుతాయి. అది చచ్చిందే, సాస్‌లోని ఉప్పుకి నరాలు స్పందిస్తాయంతే. అయినా మా ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. పెద్దవాళ్లకి మాత్రం చూపించకండి.

ఉని గురించి ఒక్క మాట. ముళ్ల బంతిలా ఉండే సముద్ర జీవి లోపలి పసుపు భాగం అది. మొదటిసారి తిన్నప్పుడు చేదుగా ఉందని చాలామంది జన్మలో మళ్లీ ముట్టరు. ఆ చేదు ఎక్కువసార్లు దానిది కాదు, కరిగిపోకుండా వాడే పటికది. పటిక లేకుండా ఉప్పునీళ్లలో ఉంచినది, లేదా జూన్ నుంచి ఆగస్టు లోపు హొక్కైదోలోని షకొతాన్ వైపు వెళ్లి అక్కడిది తినండి. వెన్నలా ఉంటుంది. జేబుకి చిల్లు ఖాయం, అది వేరే సంగతి.

అనుమానపు_పక్షి

ఇవన్నీ సరే, పురుగుల సంగతి ఎవరూ మాట్లాడరేం? పచ్చి చేపలో ఉంటాయంటారుగా. వసాబి, వెనిగర్ చంపేస్తాయని విన్నాను. నిజమేనా?

ఎముకల_పులుసు

నిజం కాదు. నేను అనుభవించి చెప్తున్నాను.

దాని పేరు అనిసాకిస్. తెల్ల దారంలా రెండు మూడు సెంటీమీటర్లుంటుంది. నాకు కొట్లో వచ్చింది కాదు. నా తెలివికి సూపర్ మార్కెట్లో మెకరెల్ చేప కొని, యూట్యూబ్ చూసి, ఇంట్లోనే వెనిగర్‌లో నానబెట్టి పచ్చిగా తిన్నాను. అర్ధరాత్రి పొట్ట పైభాగంలో అలలు అలలుగా నొప్పి. ప్రసవం నొప్పి నాకు తెలియదు కానీ, మా ఆవిడ పక్కన కూర్చుని "ఇప్పుడు తెలిసిందా" అంది. ఆసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: నిన్నటి నుంచి పచ్చిగా ఏం తిన్నారు? మెకరెల్ అనగానే తలూపి, గొంతులోంచి కెమెరా గొట్టం దింపి చిన్న పట్టకారుతో లాగేశారు. నొప్పి తగ్గిపోయింది. ఆ పురుగుని నాకు చూపించారు కూడా, అది మాత్రం అక్కర్లేదనిపించింది.

వసాబికి, వెనిగర్‌కి, సోయా సాస్‌కి అది చావదు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టిస్తేనో, 60 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉంచితేనో చస్తుంది. అందుకే గడ్డకట్టించి తెచ్చిన చేప అంటే చిన్నచూపు అక్కర్లేదు. సాల్మన్ చూడండి, జపాన్ వాళ్లు పూర్వం దాన్ని పచ్చిగా తినేవాళ్లే కాదు. 1980లలో నార్వే వాళ్లు తమ పెంపకం సాల్మన్‌ని పట్టుబట్టి అలవాటు చేశారు. చెరువు చేపలకి మేత వేసినట్టే దానికీ తయారు మేత వేసి పెంచుతారు కాబట్టి పురుగు భయం చాలా తక్కువ.

నేను ఇప్పటికీ కొట్లో తింటాను, వాళ్ల కళ్లు పని తెలిసిన కళ్లు. ఇంట్లో మాత్రం పులుసే.

పప్పుచారు_ఒసాకా

శాకాహారుల తరఫున చిన్న హెచ్చరిక. మీ అమ్మగారు ఆరోజు తిననంటే 'మిసో సూపు, గుడ్డు అట్టు తింటుందిలే' అనుకోకండి. సూపు ఎండు చేప మరిగించిన నీళ్లతో చేస్తారు, అట్టులోనూ చాలాచోట్ల అదే పడుతుంది. టోఫు తెప్పిస్తే దాని మీద చేప పొట్టు చల్లి ఇస్తారు. పదేళ్లలో నాకు ఈ కొట్లలో నిశ్చింతగా దొరికింది అన్నం, టీ. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి ముందే ఏదైనా తినిపించి తీసుకెళ్లండి.

తెనాలి_చిన్నక్క

నాకు ఐదో నెల. కైసెన్‌దొన్ వాసనకే నోరూరుతోంది. ఎవరైనా తిన్నారా?

ఓరుగల్లు_అమ్మాయి

చిన్నక్కా, నేను ఆ తొమ్మిది నెలలూ పచ్చిది మానేశాను, మా డాక్టరమ్మే మానమంది. ఉడికినదైనా పెద్ద ట్యూనాల్లో పాదరసం ఉంటుంది కాబట్టి కురొమగురొ, మెబాచి లాంటివి వారానికి 80 గ్రాములు దాటొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖ గర్భిణులకి చెబుతుంది. మీ డాక్టర్‌ని అడగండి. అప్పటిదాకా ఉడికించి తీపి సాస్ పూసిన అనాగొ (పాములా పొడుగ్గా ఉండే సముద్రపు చేప) దొన్‌తో సరిపెట్టుకోండి, అదీ బాగుంటుంది.

భీమవరం_బుల్లోడు

రొయ్య గురించి ఎవరూ అనలేదు కాబట్టి. చౌక కొట్లలో గిన్నె మీద ఎర్రచారలతో ఉడికించిన రొయ్య ఉంటుంది చూడండి, అది వనామి అయితే మన చెరువుల్లోంచి వచ్చిందే కావచ్చు. జపాన్‌కి రొయ్యలు అమ్మే పెద్ద దేశాల్లో మనదీ ఒకటి. ఇక్కడి సూపర్ మార్కెట్లో ప్యాకెట్ మీద 'ఇందొ' (ఇండియా) అని కటకానా లిపిలో చూసినప్పుడల్లా మా బాబాయి గట్టు మీద నిలబడి ఏరేటర్లు తిప్పించడమే గుర్తొస్తుంది. పచ్చిగా పెట్టే తీపి రొయ్య, అమఎబి, వేరు. అది చల్లటి సముద్రాలది. దాని తలల్ని సూపులో వేసి ఇచ్చే కొట్టు దొరికితే వదలకండి.

నిషికసాయ్_పాతకాపు

కాకినాడ తమ్ముడూ, ఇంకొకటి గుర్తొచ్చింది. నిహోన్‌బషిలో త్సుజిహాన్ అని ఉంది, క్యూ పెద్దది. గిన్నెలో కొంచెం అన్నం మిగిల్చి చెప్తే, సముద్రపు తాయ్ చేపతో కాచిన వేడి చారు పోసిస్తారు. మొదట ఇచ్చిన తాయ్ ముక్కలు రెండు దాచుకుని అందులో వేసుకోవాలి. చివర్లో చారన్నం తినందే లేవని మనలాంటివాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

కాకినాడ_కుర్రాడు

ఐదు వారాల తర్వాత రిపోర్టు. అందరికీ థాంక్స్.

శుక్రవారం సెలవు పెట్టి తొయోసు వెళ్లాం. తిండికన్నా ముందు నాన్నని రెండో అంతస్తు గాజు గోడ దగ్గరికి తీసుకెళ్లాను, పొద్దున్న ఆరింటికి. కింద తెల్లటి దుంగల్లా ట్యూనాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. అవి మైనస్ 60 డిగ్రీల్లో నిల్వ ఉంచిన చేపలని చెప్పాను. అంతే! "మైనస్ అరవై? కంప్రెసర్ ఏ కంపెనీది?" అని మొదలుపెట్టి గంటసేపు కదల్లేదు. అమ్మ బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన ఉప్మా డబ్బా ఖాళీ చేసింది.

కొట్టు చిన్నది, ఎనిమిది కుర్చీలు. నాన్న గిన్నె దగ్గరికి వంగి వాసన చూశారు. "నీచు వాసన లేదేంట్రా" అన్నారు, అనుమానంగా. ఇది ఎప్పుడు పట్టిందో కొట్టాయన్ని అడగమన్నారు. వచ్చీరాని జపనీస్‌లో అడిగితే, ట్యూనాని కోసి కొన్ని రోజులు చల్లగా ఉంచాకే రుచి వస్తుందని, ఇది ఐదో రోజుదని చెప్పాడు. నాన్న ముఖం చూడాలి! తాజా చేప కోసం సముద్రం దాటి వస్తే ఐదు రోజులదా! అయినా ఒక ముక్క తీసుకున్నారు. నమిలారు. ఇంకోటి తీసుకున్నారు. ఏమీ అనలేదు. సాల్మన్ గుడ్లు మాత్రం ఒక్కొక్కటీ ఏరి నా గిన్నెలో వేశారు. అల్లం ఊరగాయ డబ్బా సగం అయిపోయింది.

ఇద్దరికీ కలిపి 4,100 యెన్. అమ్మకి టీ మాత్రమే ఇచ్చి కుర్చీ ఇచ్చినందుకు వంగి వంగి దణ్ణాలు పెట్టాను. అలా ఆర్డరివ్వకుండా కూర్చోవడం చిన్న కొట్లలో బాగోదట, ముందే అడిగి వెళ్లండి.

అనుమానపు_పక్షి

నాన్నగారి కడుపు?

కాకినాడ_కుర్రాడు

ఆయనది భేషుగ్గా ఉంది. నాదే ఉప్మా తిని పట్టేసింది.