వేపచెట్టు నీడలో పిల్లిపీచర ఎండిపోతోంది, నీళ్లు పెట్టాలా ఆపాలా?

మాది కడప. ఇంటి వెనక వేపచెట్టు కింద పిల్లిపీచర, అదే శతావరి, పెంచుతున్నాను. నర్సరీలో కొన్నదే, అడవిలో తవ్వి తెచ్చింది కాదు. శేషాచలం, నల్లమల అడవుల్లో చెట్ల నీడన దానంతటదే అల్లుకునే తీగ కదా. వానాకాలమంతా పచ్చగా పాకింది, చిన్న తెల్లపూలు పూసి భలే వాసన వచ్చింది. ఇప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటాక ఆకు పండిపోయి తీగ ఎండుతోంది.

అడవిలో కూడా ఎండాకాలం పైతీగ ఎండి, గడ్డలు మట్టిలో బతికి, తొలకరికి మళ్లీ చిగురిస్తుందంటారు. ఇది అదేనా, లేక వేపవేళ్లు తడంతా లాగేస్తున్నాయా? మాది నల్లరేగడి, నీళ్లెక్కువైతే గడ్డలు కుళ్లిపోతాయేమోనని టెన్షన్. ఇసుక, పశువుల ఎరువు కలిపి మడి ఎత్తు చేస్తే మేలా? ఎండిన తీగ కోసేయాలా? నాకు గడ్డలు అక్కర్లేదు, తీగ బతికితే చాలు. పెంచినవాళ్లు ఉంటే కాస్త చెప్పండన్నా.