చూపు లేని కృష్ణుడు, చక్రాల కుర్చీలో కర్ణుడు: రాయబారం సీనుకు సలహాలు కావాలి

తెనాలి_హార్మోనియం:
అందరికీ నమస్కారం. పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తుంటాను. మా వైపు కుర్రాళ్లు కొందరు కలిసి రాయబారం సీను వేస్తామంటున్నారు. కృష్ణుడికి, దుర్యోధనుడికి చూపు లేదు. కర్ణుడు చక్రాల కుర్చీ వాడతాడు. అశ్వత్థామ వేసే అబ్బాయికి వినపడదు, మాట రాదు. అయితేనేం, ముఖంలో కోపం పలికించడంలో వాడికి సాటి లేదు. పద్యాల గురించి బెంగ లేదు, కృష్ణుడు నాలుగున్నర శ్రుతిలో హాయిగా పాడతాడు. నా టెన్షన్ అంతా స్టేజీ గురించే. రాగం తీస్తూ తీస్తూ అంచు దాటితే? అశ్వత్థామకు తన వంతు వచ్చిందని ఎలా తెలియాలి? ఊళ్లో ఒక పెద్దాయన, "చూపు లేనివాడికి ధృతరాష్ట్రుడి వేషం ఇస్తే సరిపోయేదిగా" అన్నారు. నాకు నచ్చలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గదాధారి:
గురువుగారూ, నాకు పుట్టుకతోనే చూపు లేదు. నేను వేసేది దుర్యోధనుడు. నాకూ మొదట్లో అందరూ ధృతరాష్ట్రుణ్ణే అంటగట్టబోయారు. కళ్లున్నవాళ్లు ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని ఆ వేషం వేస్తున్నారు కదా, వేసుకోనివ్వండి. మాకు మీసం మెలేసే వేషాలు కావాలి.

స్టేజీ మీద నాకు దారి చూపేది మీ హార్మోనియమే. అది ఎడమ పక్క మోగుతుంటే నా ముఖం జనం వైపు ఉందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. చిక్కంతా మైకు వాళ్లతోనే. నటుల కోసం స్టేజీ మీద పెట్టే స్పీకర్లలోకి హార్మోనియం కూడా వదిలేస్తారు. ఇక అది నాలుగు దిక్కుల నుంచీ వినిపిస్తుంది, మేం ఎటు తిరిగి ఉన్నామో మాకే తెలియదు. జనం వైపు బాక్సుల్లో ఎంతైనా పెట్టుకోమనండి, స్టేజీ మీద మాత్రం మీ పెట్టె అసలు చప్పుడే వినిపించాలి.

అంచుకు మూడడుగుల ఇవతల, కార్పెట్ కింద గోనెపట్టా మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు వేయించండి. పౌరాణికాల్లో ఎలాగూ ఉత్త కాళ్లే కాబట్టి అరికాలికి తగలగానే ఆగిపోతాం. మైకు స్టాండు దిమ్మ కింద కూడా అలాంటి ముక్క ఒకటి ఉండాలి.

కిరీటం సంగతి మరవకండి. అద్దెకు తెచ్చే కిరీటాలు, విగ్గులు చెవుల మీదికి దిగిపోతాయి. మీకది అలంకారం కావచ్చు, మాకు కళ్లకు గంతలు కట్టినట్టే. చెవులు బయటికి ఉండేలా కట్టించండి. రిహార్సల్స్ కూడా కిరీటం పెట్టుకునే చేయండి.

న్యూజెర్సీ_కోడలు:
అశ్వత్థామ విషయంలో ఒక మాట. లాస్ ఏంజిలిస్‌లో డెఫ్ వెస్ట్ థియేటర్ అని ఉంది. వాళ్ల మ్యూజికల్ (పాటల నాటకం) 'స్ప్రింగ్ అవేకెనింగ్' 2015లో బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలలకు వచ్చింది. వినపడని నటి చేతులతో పాట చెబుతుంటే, వినపడే మరో నటి ఆ పాత్రకు గొంతు ఇస్తుంది. ఆ గొంతు ఇచ్చే మనిషిని తెర వెనక దాచలేదు, ఇద్దరూ స్టేజీ మీదే ఉంటారు. మీరూ అశ్వత్థామ పద్యం పాడే మనిషిని సభలోనే కూర్చోబెట్టండి. అతను భుజం మీద చెయ్యి వేస్తే అశ్వత్థామ వంతు వచ్చినట్టు. ఒక్కటే ఇబ్బంది: చేతులతో పద్యం చెప్పడం అయిపోయాక కూడా మనవాళ్ల రాగం ఇంకా సాగుతూనే ఉంటుంది. అంతసేపూ ఆ అబ్బాయి ఏం చేయాలో ముందే అనుకోండి.

అదే నాటకంలో ఆలీ స్ట్రోకర్ కూడా ఉంది. బ్రాడ్‌వేలో చక్రాల కుర్చీలో నటించిన మొదటి మనిషి. 2019లో బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు గెలిచిన రోజు, ప్రేక్షకుల సీట్ల నుంచి స్టేజీ మీదికి ర్యాంపు లేక ఆవిడ తెర వెనకే వేచి ఉండాల్సి వచ్చింది. న్యూయార్క్‌లోనే అలా ఉంది మరి!

ఒకటికి_పన్నెండు:
నేను సివిల్ ఇంజనీర్‌ని, కుర్చీ వాడతాను. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. నాలుగడుగుల స్టేజీ అయితే 48 అడుగులు, మధ్యలో మలుపుల దగ్గర చదును వేరే. పందిరి స్టేజీకి అంత ఎవరూ కట్టరు. "నలుగురం ఎత్తి పెడతాంలే" అంటారు. అలా ఎత్తించుకోవడం ఇష్టమో కాదో ముందు కర్ణుణ్ణి అడగండి. ఇష్టం లేకపోతే స్టేజీ మానేసి నేల మీదే ఆడండి, ముందు వరసల్లో జనాన్ని చాపల మీద కూర్చోబెట్టండి. గోనెపట్టా మాత్రం కుర్చీ తిరిగే దారికి అడ్డం రాకూడదు, చిన్న చక్రాలు దాని మీద ఇరుక్కుంటాయి.

ఇంకోటి. కుర్చీకి అట్టలు కట్టి రథంలా చేద్దామని ఎవరో ఒకరు అంటారు. కురుసభలోకి రథమెందుకండీ? నల్ల రంగు కుర్చీ నల్లగానే ఉండనివ్వండి.

తెనాలి_హార్మోనియం:
అందరికీ ధన్యవాదాలు. నేల మీదే ఆడదామని కర్ణుడే అన్నాడు. మైకు ఆయనతో మాట్లాడాను, స్టేజీ స్పీకర్లలో హార్మోనియం తీసేస్తానన్నారు. రాగం సాగినంతసేపూ అశ్వత్థామ కత్తి ఒరలోంచి మెల్లగా దూస్తుంటాడు, అది వాడి ఆలోచనే. గదాధారి గారూ, వన్స్‌మోర్ అన్నప్పుడు మీరు మళ్లీ మైకు దగ్గరికి ఎలా వస్తారు?

గదాధారి:
అసలు అక్కణ్ణుంచి కదిలితే కదా అండీ! పద్యం అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, గద నేలకు ఆనించి నిలబడతాను. వన్స్‌మోర్ వినిపిస్తే మళ్లీ ఆ రెండడుగులే ముందుకు. కానీ జాలిపడి కొట్టే చప్పట్లకు మాత్రం పద్యం తిరిగి పాడొద్దని మీ కృష్ణుడికి చెప్పండి. ఆ తేడా మాకు తెలుస్తుంది.