1966 అలీ, 1988 టైసన్, ఇప్పటి ఉసిక్: ఏ లెక్కన పోల్చాలి?

రింగ్‌సైడ్_రవి:
హెవీవెయిట్ బాక్సింగ్‌లో మహమ్మద్ అలీకి, మైక్ టైసన్‌కి పోటీ పెడితే ఎవరు గెలుస్తారన్న మాట ఎక్కడ మొదలైనా పది నిమిషాల్లో అభిమానుల కొట్లాటగా మారుతోంది. ఒకరు రికార్డు చూపిస్తారు, ఒకరు నాకౌట్ల వీడియో పెడతారు, మరొకరు "ఇప్పటివాళ్ళ సైజు ముందు పాతవాళ్ళు ఆగరు" అని తేల్చేస్తారు. ఎవరు గెలుస్తారన్నది తర్వాత, అసలు దాన్ని ఎలా తేల్చాలో తెలిసినవాళ్ళు చెప్పండి. మూడు జోడీలు ఇస్తున్నాను: అలీ–మైక్ టైసన్, అలీ–ఉసిక్ (ఈ కాలపు ఉక్రెయిన్ బాక్సర్), జో లూయిస్ (1930ల ఛాంపియన్)–టైసన్ ఫ్యూరీ (ఈ కాలపు బ్రిటన్ బాక్సర్). రౌండ్లు ఎన్ని పెట్టుకోవాలి, ఏ కాలం రూల్స్ తీసుకోవాలి? 1950ల ఛాంపియన్ మార్సియానో 49–0 (49 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) రికార్డుకి ఎంత విలువ ఇవ్వాలి?

కార్నర్_మనిషి:
రవి గారూ, ముందు పేరు పక్కన తేదీ రాసుకోండి. ఊరికే "అలీ" అంటే కుదరదు. 1966 నవంబర్ 14న హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండ్లో ముగించిన అలీ వేరు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో తాళ్ళకి ఆనుకుని ఫోర్‌మన్ దెబ్బలన్నీ కాచుకుని, ఎనిమిదో రౌండ్లో పడగొట్టిన అలీ వేరు. మొదటివాడి బలం కాళ్ళు. రెండోవాడి బలం దెబ్బ ఓర్చుకోవడం, దగ్గరికొచ్చినవాడి మెడ పట్టి కిందికి వంచి ఊపిరి తీయనివ్వకపోవడం. ఆ మధ్యలో 1967 మార్చి నుంచి 1970 అక్టోబర్ దాకా మూడున్నరేళ్ళు రింగ్‌కి దూరమయ్యాడు. 1966 కాళ్ళు, 1974 దవడ కలిపి ఒక అలీని తయారుచేసి వాదిస్తుంటారు. అతన్ని ఎవరూ ఓడించలేరు, నిజమే, అలాంటి మనిషి ఏ రోజూ రింగ్ ఎక్కలేదు కాబట్టి.

టైసన్ విషయంలోనూ అంతే. 1988 జూన్ 27న అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించిన టైసన్‌ని తీసుకోండి. అప్పటికి కార్నర్లో ట్రైనర్ కెవిన్ రూనీ ఉన్నాడు, తల ఒక్కచోట నిలిచేది కాదు, దెబ్బలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండ్లో పడిన టైసన్ ఒక్కో దెబ్బకే పోరు ముగిద్దామని చూస్తున్నవాడు. ఆ రాత్రి కార్నర్ సంగతి ఇంకా ఘోరం. వాచిన కంటిని అణచడానికి వాడే చల్లటి లోహపు బిళ్ళ, ఎండ్‌స్వెల్, వాళ్ళ దగ్గర లేదు. రబ్బరు గ్లౌజులో ఐస్ నీళ్ళు పోసి కంటికి ఒత్తారు. డగ్లస్ గెలిచాడు కాబట్టి అలీ కూడా గెలుస్తాడనేవాళ్ళు ఇది మర్చిపోతారు. పైగా డగ్లస్ రీచ్, అంటే చాపిన రెండు చేతుల కొన నుంచి కొనకి కొలత, 83 అంగుళాలు, అలీది 78, టైసన్‌ది 71.

తేదీ తర్వాత రూల్స్. 1982 నవంబర్‌లో మాన్సినీతో పోరాడిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ చనిపోయాక, ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ టైటిల్ పోరాటాలను 15 రౌండ్ల నుంచి 12కి తగ్గించింది. మిగతా సంస్థలు ఆ దశాబ్దం చివరికి అదే దారి పట్టాయి. అంటే 1966 అలీ 15 రౌండ్లకి తయారైనవాడు, 1988 టైసన్ 12కి. ఒకే జోడీకి రెండు జవాబులు రాసుకోవడమే సరైన పని: 12కి ఒకటి, 15కి ఒకటి.

మూడోది, "ఎ బి మీద గెలిచాడు, బి సి మీద గెలిచాడు" అనే లెక్క పక్కన పెట్టేయండి. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు, 1973లో ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు, 1974లో అలీ ఫోర్‌మన్‌ని పడగొట్టాడు. మధ్యలో అలీ దవడ విరగ్గొట్టిన నార్టన్ కూడా ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లే నిలిచాడు. ఈ నలుగురిని వరసలో నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. శైలికి శైలి చూడాలి.

ఇక అలీ–టైసన్. అలీకి చెడ్డ అలవాటు ఒకటుంది: చేతులు కిందికి ఉంచి, దెబ్బ వచ్చినప్పుడు తల నిటారుగా వెనక్కి లాగుతాడు. స్ట్రెయిట్ పంచ్‌కి అది పనిచేస్తుంది, పక్కనుంచి తిరిగొచ్చే లెఫ్ట్ హుక్‌కి పనిచేయదు. 1962లో సనీ బ్యాంక్స్, 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్ ముగ్గురూ అలీని లెఫ్ట్ హుక్‌తోనే పడేశారు. టైసన్ చేతిలో ఉన్న మంచి ఆయుధమూ అదే. టైసన్ ఎదుటివాడి జాబ్ (ముందుచేత్తో నేరుగా వేసే దెబ్బ) కింద తల తప్పించి, ఎడమ కాలు బయటికి వేసి, కుడిచేత్తో పక్కటెముకలకి ఒకటి, అదే చేత్తో గడ్డానికి కిందినుంచి పైకి అప్పర్‌కట్ ఇంకొకటి వేస్తాడు. మొదటి నాలుగు రౌండ్లలో ఇది ఒక్కసారి కుదిరినా చాలు.

అలీకి దారి టైసన్ పాత పోరాటాల్లోనే కనిపిస్తుంది. 1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్ దాదాపు అన్ని రౌండ్లూ పోగొట్టుకున్నాడు గానీ, చేతులు చుట్టేసి 12 రౌండ్లూ నిలబడ్డాడు. ఆగస్టులో టోనీ టక్కర్ కూడా 12 రౌండ్లూ నిలబడ్డాడు. క్లించ్‌లో, అంటే ఒకరినొకరు పట్టేసుకున్నప్పుడు, చేతులు దొరికిపోతే టైసన్ విడిపించుకోడు, రెఫరీ వచ్చి విడదీసేదాకా ఆగుతాడు. చిక్కేంటంటే 1966 అలీకి కాళ్ళే కవచం, క్లించ్ మీద అంత పట్టు తర్వాతి అలీది. అందుకే నా లెక్క ఇది: 15 రౌండ్లయితే అలీ, పదకొండు దాటాక రెఫరీ ఆపవచ్చు. 12 అయితే పదికి ఆరు అలీకి, నాలుగు టైసన్‌కి. ఆ నాలుగూ అయిదో రౌండ్ లోపే.

సౌత్‌పా_శీను:
అన్నా, పై లెక్కతో దాదాపు ఏకీభవిస్తున్నాను గానీ "పదికి ఆరు" టైసన్‌కి కొంచెం అన్యాయం. 1966 అలీ గడ్డానికి అంత బరువైన దెబ్బల పరీక్ష అప్పటికింకా పూర్తిగా జరగలేదు. నేను సగం సగం ఇస్తాను. సరే, నాకిష్టమైన జోడీ అలీ–ఉసిక్.

దీంట్లో సైజు గొడవే లేదు. ఇద్దరూ 6 అడుగుల 3 అంగుళాలు, ఇద్దరి రీచ్ 78 అంగుళాలు. బరువులో మాత్రం తేడా: విలియమ్స్ మీద అలీ 212 పౌండ్లు, 2024 మేలో రియాద్‌లో ఫ్యూరీ మీద ఉసిక్ 223. పదకొండు పౌండ్లు మరీ పెద్ద తేడా కాదు.

అసలు ప్రశ్న ఉసిక్ ఎడమచేతి వాటం. అలీకి దీని మీద పరీక్ష ఒకటి జరిగింది: 1966 సెప్టెంబర్ 10, ఫ్రాంక్‌ఫర్ట్, కార్ల్ మిల్డెన్‌బెర్గర్. హెవీవెయిట్ టైటిల్‌కి పోటీపడిన మొదటి సౌత్‌పా (ఎడమచేతి వాటం బాక్సర్) అతను. అలీ ఆపగలిగాడు, కానీ 12వ రౌండ్ దాకా పట్టింది. ఎందుకంటే సౌత్‌పా ముందుచెయ్యి మన జాబ్ దారికి అడ్డంగా ఉంటుంది, ముందుకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుతాయి. జాబ్ మీద బతికే బాక్సర్‌కి సగం ఆట అక్కడే పోతుంది. మిల్డెన్‌బెర్గర్ ఎడమచేత్తో పొట్టకి బాగానే తగిలించాడు, ఉసిక్ కూడా ఆ స్ట్రెయిట్ లెఫ్ట్‌ని పొట్టకి వేయడంలో ఆరితేరినవాడు.

అలీకి కలిసొచ్చేది తన తిరుగుడు దిశ. అలీ ఎక్కువగా తన ఎడమవైపుకే తిరుగుతాడు. సౌత్‌పా మీద ఆ దిశ సరిగ్గా పనికొస్తుంది, ఉసిక్ ఎడమచేతి నుంచి దూరం జరుగుతాడు కాబట్టి. ముందుకాలు ఉసిక్ కాలికి బయట పెట్టి, జాబ్ తగ్గించి, కుడిచెయ్యి ముందే వదిలితే అలీ గెలవగలడు. మిల్డెన్‌బెర్గర్ మీద అలీ ఈ మార్పు ఆలస్యంగా చేశాడు. ఉసిక్ అంత సమయం ఇవ్వడు, ఎనిమిదో రౌండ్ తర్వాత అతని వేగం పెరుగుతుందే గానీ తగ్గదు.

పాయింట్ల పద్ధతి గురించి ఎవరూ మాట్లాడరు, అక్కడే ఫలితాలు తారుమారవుతాయి. ఉసిక్–ఫ్యూరీ మొదటి పోరులో ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులు 115–112, 114–113 ఉసిక్‌కి, 114–113 ఫ్యూరీకి. తొమ్మిదో రౌండ్లో ఫ్యూరీకి నాక్‌డౌన్ లెక్కపెట్టారు, అక్కడ ఒక పాయింట్ అదనంగా పోయింది. ఇప్పుడు 1971 అలీ–ఫ్రేజియర్ నాటి న్యూయార్క్ పద్ధతిలో, అంటే ఒట్టి రౌండ్లు లెక్కపెట్టి చూడండి. మొదటి కార్డు ఉసిక్‌కి 7–5, రెండోది 6–6, మూడోది ఫ్యూరీకి 7–5. డ్రా! ఒకే పోరు, ఒకే కళ్ళు, వేరే లెక్క. కాబట్టి "పాయింట్ల మీద గెలుస్తాడు" అని రాసేముందు ఏ పద్ధతో రాయండి. అలీ–ఉసిక్‌కి నా మాట: ఇప్పటి పద్ధతిలో 12 రౌండ్లకి ఉసిక్ ఒకటి రెండు రౌండ్ల తేడాతో, 15కి అలీ.

పాత_రీళ్ళు:
మార్సియానో గురించి అడిగారు కదా. 49–0, అందులో 43 నాకౌట్లు, అంకె గొప్పదే. కానీ ఎత్తు 5 అడుగుల 10, రీచ్ 68 అంగుళాలు, బరువు 185–189 మధ్య. ఇప్పుడు హెవీవెయిట్‌కి కింది తరగతి క్రూజర్‌వెయిట్ హద్దు 200 పౌండ్లు, అంటే ఈ రోజు ఆయన హెవీవెయిట్ కిందికే రాడు. ఎవరి మీద గెలిచాడో చూస్తే 1952లో వాల్కాట్, 1955లో ఆర్చీ మూర్, ఇద్దరూ వయసు మీదపడ్డవాళ్ళు. అయినా వాల్కాట్ మీద 12 రౌండ్లయ్యేసరికి పాయింట్లలో వెనకబడి 13వ రౌండ్లో ఒక్క కుడి దెబ్బతో ముగించిన తీరు చూడండి. 15 రౌండ్లుంటేనే మార్సియానో మార్సియానో.

కంప్యూటర్ తేల్చింది అనేవాళ్ళకి: 1969లో అలీ, మార్సియానో ఇద్దర్నీ పిలిచి, ఒక్కో నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు ఉత్తుత్తిగా కొట్టించి తీశారు. ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్ చెప్పిందని 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో మార్సియానో 13వ రౌండ్లో గెలిచినట్టు చూపించారు. బ్రిటన్‌లో అలీ గెలిచిన ముగింపు వేశారు. ఇంక చెప్పేదేముంది.

పాత వీడియోలు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మూకీ కాలం రీళ్ళు తక్కువ ఫ్రేములతో తీసినవి, సరిచేయకుండా 24 ఫ్రేముల మీద నడిపితే 1920ల ఛాంపియన్ డెంప్సీ మెరుపులా కనిపిస్తాడు. నడిచేవాళ్ళు గబగబా అడుగులేస్తున్నట్టుంటే ప్లేయర్ వేగం 0.75కి తగ్గించి చూడండి. 1919లో విలర్డ్‌ని మొదటి రౌండ్లోనే ఏడుసార్లు పడేసిన దృశ్యం కూడా అలాగే చూడాలి. దాంట్లో ఇంకోటి గమనించండి, పడినవాడు లేచేదాకా డెంప్సీ పక్కనే నిలబడి కాచుకుంటాడు. ఇప్పుడైతే న్యూట్రల్ కార్నర్‌కి, అంటే దూరంగా ఉన్న ఖాళీ మూలకి, పంపేస్తారు, ఏడులో రెండో మూడో మిగులుతాయి.

రింగ్‌సైడ్_రవి:
ఆ కార్డుల లెక్క నేనెక్కడా చూడలేదు శీను గారూ, థాంక్స్. లూయిస్–ఫ్యూరీ ఎవరైనా తీసుకోండి. 200 పౌండ్ల మనిషి 6 అడుగుల 9 అంగుళాల మనిషిని ఏం చేయగలడు?

కార్నర్_మనిషి:
లూయిస్‌కి 1938 జూన్ 22 తేదీ పెట్టండి, ష్మెలింగ్‌ని 124 సెకన్లలో ముగించిన రాత్రి. ఫ్యూరీకి 2020 ఫిబ్రవరి, వైల్డర్‌ని ఏడో రౌండ్లో ఆపిన రాత్రి.

పెద్దవాళ్ళంటే లూయిస్‌కి కొత్తేమీ కాదు. 260 పౌండ్ల కార్నెరాని 1935లో ఆరో రౌండ్లో ముగించాడు. కానీ కార్నెరా కదలడు. లూయిస్‌ని ఏడిపించింది కదిలేవాళ్ళు: 1941లో తనకన్నా చాలా తేలికైన బిల్లీ కాన్ 12 రౌండ్లయ్యేసరికి రెండు కార్డుల మీద ముందున్నాడు, 1947లో వాల్కాట్ రెండుసార్లు పడేశాడు. లూయిస్ చిన్న అడుగులతో జరుగుతూ ఎదుటివాణ్ణి మూలకి నెడతాడు, పారిపోయేవాణ్ణి తరమడు. ఫ్యూరీ పెద్దవాడు, పైగా కదిలేవాడు.

మరి ఫ్యూరీ? కుడిచేతికి పడతాడు. 2013లో 210 పౌండ్ల స్టీవ్ కన్నింగ్‌హామ్, మాజీ క్రూజర్‌వెయిట్, రెండో రౌండ్లో ఓవర్‌హ్యాండ్ రైట్‌తో (పైనుంచి వేసే కుడి దెబ్బతో) అతన్ని కింద పడేశాడు. లూయిస్ పరీక్షకి ఇంతకన్నా దగ్గరి నమూనా దొరకదు. లూయిస్ కుడిచెయ్యి కన్నింగ్‌హామ్ చెయ్యి కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం, పడ్డవాణ్ణి లేచాక వదిలిపెట్టడు కూడా. అయితే ఆ పోరు ఎలా ముగిసిందో కూడా చూడాలి: ఫ్యూరీ లేచి, తన 254 పౌండ్లూ కన్నింగ్‌హామ్ మీద మోపి, అలిసిపోయేలా చేసి ఏడో రౌండ్లో పడగొట్టాడు.

కాబట్టి ఇదంతా రెఫరీ మీద ఉంది. మీద వాలడాన్ని వెంటనే విడదీసి హెచ్చరించే రెఫరీ ఉంటే లూయిస్ ఆరో రౌండ్ లోపు. వాలనిస్తే ఫ్యూరీ పాయింట్ల మీద, అదీ ఒకసారి కింద పడి లేచాకే.

సౌత్‌పా_శీను:
గ్లౌజులు మర్చిపోయావు అన్నా. ఆ కాలం వాటికన్నా బరువైన ఇప్పటి 10 ఔన్సులు తొడిగితే లూయిస్‌కి ఆరో రౌండ్ కాదు, తొమ్మిదో పదో రాసుకో.