"యతిథు లేతేర" పద్యం చివర అవ్వారియా, అవారియా?

ఉబుంటు విద్యార్థి:
కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకుని విండోస్ ఫోల్డర్‌ని అందులోకి ఎలా తెచ్చుకోవాలో మా జూనియర్ల కోసం తెలుగులో రాస్తున్నాను. విండోస్ హోస్టు, ఉబుంటు గెస్టు కదా, ఆతిథేయి, అతిథి అని రాసేసరికి మనుచరిత్ర పెద్దన పట్టుకున్నాడు. "యతిథు లేతేర నడిరేయైన బెట్టు, వలయు భోజ్యంబు లింట..." ఆ తర్వాత 'నవ్వారి గాగ'నా, 'నవారి గాగ'నా? నిన్నటి నుంచి నోట్లో నానుతోంది, తేలడం లేదు. అర్థం కూడా చెప్పండి, సమృద్ధిగా అనా, అడ్డు లేకుండా అనా?

గణవిభజన:
ముందు మూడో పాదం సరిచేసుకోండి. నడిరేయి కాదు, నడికిరేయి. యతిథు, లేతేర, నడికిరే... నగం అనే ఇంద్రగణం చక్కగా కుదిరింది. 'నడిరే' అంటే సగణం, ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. ఆ 'కి' తీసేస్తే తేటగీతి కుంటుతుంది.

కడప అక్క:
అవ్వారే. మా నాన్నగారు చదివేటప్పుడు 'వ్వా' దగ్గర నొక్కేవారు, యతి కూడా అక్కడే కదా, వలయు, వ్వారి.

గణవిభజన:
అవారి అన్నా యతి చెల్లుతుంది అక్కా. ద్విత్వం ఉంటే 'లింటన' రగణం, లేకపోతే భగణం, రెండూ ఇంద్రగణాలే. ఛందస్సుని అడిగితే ఈ తగువు తీరదు.

పాతపుస్తకం:
అర్థం వైపు నుంచి రండి. అవారితం అంటే ఎవరూ వారించనిది, అందులోంచే అవ్వారి వచ్చిందని నా గట్టి నమ్మకం. "వండ నలయదు వేవురు వచ్చిరేని" అని ఎత్తుగడలోనే అన్నాడు, వెయ్యిమంది వచ్చినా ఆవిడ అలసిపోదు. పైగా అదే పాదంలో 'వలయు' ఉంది. ఇంత చెప్పాక మళ్ళీ 'సమృద్ధిగా' అని పెద్దన ఎందుకంటాడు? అడ్డు లేకుండా అనే.

ఉబుంటు విద్యార్థి:
అలాగైతే నా వ్యాసానికి సరిగ్గా అతుకుతుంది. ఉబుంటులో గెస్ట్ అడిషన్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ వేసి, ఆటోమౌంట్ టిక్ పెడితే ఫోల్డర్ ఉబుంటులో మీడియా కింద 'ఎస్‌ఎఫ్ అండర్‌స్కోర్' అని మొదలయ్యే పేరుతో కనిపిస్తుంది, తెరవబోతే పర్మిషన్ లేదంటుంది. దాని ఓనరు రూట్, గ్రూపు వీబాక్స్‌ఎస్‌ఎఫ్. యూజర్‌మాడ్ కమాండ్‌తో మన యూజర్‌ని ఆ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయితే గానీ తెరుచుకోదు. అంటే విస్తరి వేసే ఉంది, వారింపు మాత్రం పోలేదు. గ్రూపులో చేరాకే అవ్వారి.

కడప అక్క:
మాకు మాస్టారు 'సమృద్ధిగా' అనే చెప్పారు, నేను దాన్ని వదలను. ఆ ఇల్లాలిని అన్నపూర్ణకు ఉద్ది, అంటే సాటి, అన్నవాడు వడ్డనకి హద్దు పెడతాడా? ఇంకో సంగతి, ఈ పద్యంలో పెట్టేది ప్రవరుడు కాదు, అతని గృహిణి. ఆతిథేయి అని రాసేటప్పుడు అది మర్చిపోకండి.

పాతపుస్తకం:
ఆ అతిథి సంగతి కూడా మర్చిపోకూడదు. ఇంటికొచ్చిన సిద్ధుడు పసరు ఇచ్చిపోయాడు, అది కాళ్ళకి రాసుకునే ప్రవరుడు హిమాలయాలకు వెళ్ళాడు, మంచుకి పసరు కరిగి తిరిగి రాలేకపోయాడు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉంటుంది తమ్ముడూ. షేర్ చేసిన ఫోల్డర్‌కి రీడ్ ఓన్లీ పెట్టకపోతే ఉబుంటులో చెరిపిన ఫైలు విండోస్‌లోనూ పోతుంది, అది ముందే రాయి, పిల్లలు ప్రాజెక్టులు పోగొట్టుకుంటారు.

కేవీఎం వాడుకరి:
వర్చువల్‌బాక్స్ బదులు లైనక్స్‌లో ఉండే కేవీఎం వాడితే వీబాక్స్‌ఎస్‌ఎఫ్ గ్రూపు ఉండదు, అక్కడ ఫోల్డర్ పంచుకోవడానికి వర్టియోఎఫ్‌ఎస్, లైనక్స్ కెర్నెల్ 5.4 నుంచి ఉంది. హోస్టు కూడా లైనక్స్ అయితే అదే వాడమని నా సలహా. పద్యంలో నేను కడప అక్క పక్షం.

గణవిభజన:
పక్షాలు తర్వాత. పాత అచ్చుప్రతి ఉన్నవాళ్ళు ఆ నాలుగో పాదం ఫోటో పెట్టండి. 'వ్వా' ఉందో 'వా' ఉందో చూడాలి, 'గాగ'లో అరసున్న ఉందో లేదో కూడా.