సాల్వెంట్ మారితే మోనోమర్ రియాక్టివిటీ మారుతుందా, దాని చుట్టూ ఉన్న గాఢత మారుతుందా?

నల్గొండ_ఎమ్మెస్సీ:
సెమినార్ కోసం కోపాలిమరైజేషన్ (రెండు రకాల మోనోమర్లు, అంటే చిన్న అణువులు, కలిసి ఒకే గొలుసుగా పెరగడం) చదువుతున్నాను. 1944 నాటి మేయో–లూయిస్ సమీకరణంలో ఆర్1, ఆర్2 అనేవి (గొలుసు చివర తన రకం మోనోమర్‌ను రెండోదానికంటే ఎంత ఎక్కువగా కలుపుకుంటుందో చెప్పే నిష్పత్తులు) ఒక మోనోమర్ జంటకు స్థిరాంకాలు. సాల్వెంట్ ఊసే లేదు. స్టైరీన్–మెథాక్రిలిక్ ఆసిడ్ జంటకు మాత్రం ఒక్కో సాల్వెంట్‌లో ఒక్కో విలువ ఇస్తున్నారు. ఏది పట్టుకోవాలి?

పాలమూరు_పాలిమర్:
తమ్మీ, నిజమైన ఆర్ మారదు. సమీకరణంలో మనం వేసేది ఫ్లాస్క్‌లో కలిపిన గాఢత. గొలుసు చివరి రాడికల్‌కు, అంటే తర్వాతి మోనోమర్‌ను కలుపుకునే చురుకైన కొనకు, అందేది దాని చుట్టూ ఉన్న గాఢత. బత్తాయి మార్కెట్‌కు ఎన్ని లారీలొచ్చినా, కొనేవాడి చేయి పడేది ఎదురుగా ఉన్న కుప్ప మీదే. పాలిమర్ శాస్త్రవేత్త హార్వుడ్ 1987లో రాసిన బూట్‌స్ట్రాప్ ఎఫెక్ట్ ఇదే: పెరుగుతున్న గొలుసు తన కూర్పును బట్టి మోనోమర్లను దగ్గరికి లాక్కుంటుంది. సాల్వెంట్లు వేరైనా, కూర్పు ఒకటే అయిన కోపాలిమర్లలో యూనిట్ల వరుస కూడా ఒకేలా ఉందని ఆయన చూపించారు. నాకు ఇంతకంటే గట్టి ఆధారం కనిపించలేదు. లెక్క కూడా వేసి చూడు. చుట్టూ ఉన్న నిష్పత్తి ఫ్లాస్క్ నిష్పత్తికి కె రెట్లయితే, మనకు కనిపించే ఆర్1 కె రెట్లవుతుంది, ఆర్2ను కెతో భాగించినట్టవుతుంది. రెండింటి లబ్ధం కదలదు.

జడ్చర్ల_ల్యాబ్:
అన్నా, సగమే ఒప్పుకుంటాను. మోనోమర్, సాల్వెంట్ జతకట్టి కాంప్లెక్స్ అవుతాయనుకున్నా కూర్పు డేటా చాలాసార్లు అంతే బాగా ఫిట్ అవుతుంది. ఇక నీళ్లలో అక్రిలిక్ ఆసిడ్ సంగతి చూడండి. పిహెచ్ పెంచితే మోనోమర్‌కూ, గొలుసు చివరకూ ఋణావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇది రియాక్టివిటీ మారడం కాదా?

పాలమూరు_పాలిమర్:
అక్కడ ఆసిడ్ కాస్తా అయాన్ అయింది, అంటే వేరే మోనోమర్. దాన్ని సాల్వెంట్ ఖాతాలో వేయకూడదు.

జడ్చర్ల_ల్యాబ్:
సరే, అయాన్‌ను వదిలేద్దాం. అయానైజ్ కాని మెథాక్రిలిక్ ఆసిడ్ ఒక్కటే తీసుకోండి, పోటీకి రెండో మోనోమరే లేదు. పల్స్‌డ్ లేజర్ పద్ధతిలో (లేజర్ మెరుపులతో గొలుసులు మొదలుపెట్టి) కొలిస్తే పలచని నీటి ద్రావణంలో ప్రాపగేషన్, అంటే గొలుసు పెరిగే, రేటు స్థిరాంకం బల్క్ (సాల్వెంట్ లేని మోనోమర్) కంటే దాదాపు పది రెట్లు. యాక్టివేషన్ ఎనర్జీ పెద్దగా మారలేదు, మారింది ఆర్హీనియస్ రేటు సమీకరణంలో దాని ముందుండే గుణకం, ప్రీ-ఎక్స్‌పొనెన్షియల్ విలువ. అంటే ట్రాన్సిషన్ స్టేట్‌లో (చర్య మధ్యలోని క్షణిక స్థితిలో) గొలుసు చివర తిరిగే స్వేచ్ఛను హైడ్రోజన్ బంధాలు మారుస్తున్నాయి. చుట్టూ ఉన్న గాఢత ఒక్కటే దీనికి జవాబు కాదు.

పాలమూరు_పాలిమర్:
ఇది బలమైన పాయింటే. కానీ రేటు మారితే సరిపోదు, రెండు మోనోమర్ల మధ్య ఎంపిక కూడా మారాలి. రెండు రేట్లూ ఒకే వంతున పెరిగితే ఆర్ అలాగే ఉంటుంది.

జడ్చర్ల_ల్యాబ్:
నిజమే. తమ్మీ, సెమినార్‌కు స్టైరీన్–ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) జంట వద్దు, దానికి సాల్వెంట్ ప్రభావం తక్కువ. నీ మెథాక్రిలిక్ ఆసిడ్ జంటే ఉంచు. కూర్పు, ట్రయాడ్లు (గొలుసులో మూడేసి యూనిట్ల వరుసలు), రేటు మూడూ ఒకే సాల్వెంట్‌లో కొలిచినవి పక్కపక్కన పెట్టు.